గొంగడి వయసు

మ్యూజియం వాళ్లు అడిగింది మామ గొంగడిని. ఉన్నదున్నట్టు మడిచి ఇస్తే సరిపోయేది. కాని బుచ్చవ్వ ఉన్నదాన్ని ఉన్నట్టు ఇచ్చే మనిషి కాదు. పక్కింటికి చారు పంపినా గిన్నె అడుగు బూడిదతో తోమి పంపుతుంది. అలాంటిది పట్నం నుంచి కారు వేసుకుని వచ్చి అడిగితే, మసి పట్టిన గొంగడిని అలాగే చేతిలో పెడుతుందా?

మామ అంటే మొగుడు పోచయ్య తండ్రి. ఆయన పోయి పదహారేళ్లయింది. తన చేత్తో తాను నేసుకుని, నలభై వానాకాలాలు గొర్రెల వెంట కప్పుకు తిరిగిన గొంగడి అది. భుజం మీద అరచేయంత చిరుగు, దాని మీద ఖాకీ గుడ్డ అతుకు. అంచు దగ్గర బీడీ కాలిన బొక్కలు రెండు. మడత పడే చోట దారం పలచబడి అవతలి వెలుతురు కనిపించేది. మ్యూజియం పిల్ల సుమలత నెల కింద వచ్చినప్పుడు దాన్ని నేల మీద పరిపించి, మోకాళ్ల మీద కూర్చుని ఫోనుతో ఇరవై ఫొటోలు తీసింది. సుమలతది హనుమకొండ. బట్టల డిజైన్ చదువుకుని పట్నంలో ఎవరో పెద్దవాళ్లు నడిపే మ్యూజియంలో పనికి కుదిరింది.

"మనోళ్ల బట్టల మీద పెద్ద ప్రదర్శన పెడ్తున్నమవ్వా. ముందుగాల భూపాలపల్లి, ఎన్క మానుకోట, జనగామ. గీ గొంగడిని అద్దాల పెట్టెల పెడ్తం. బుధవారం వచ్చి తీస్కపోత" అని చెప్పి పోయింది.

అద్దాల పెట్టె అన్న మాట చెవిన పడ్డాక బుచ్చవ్వకు నిద్ర పట్టలేదు. నలుగురూ వచ్చి నిలబడి చూసే చోట తమ ఇంటి గొంగడి చిరుగులతో వేలాడితే ఎవరి పరువు పోతుంది? నేసిన మామది కాదు, కాపాడుకోలేకపోయిన కోడలిది. అందుకని బుధవారానికి వారం ముందు పనిలోకి దిగింది.

కుంకుడు రసంలో నానేసి, వాగు నీళ్లలో జాడించింది. నలభై ఏళ్ల పొగ, గొర్రె వాసన, మామ చెమట అన్నీ నల్లటి నీళ్లయి పోయాయి. ఖాకీ అతుకు ఊడదీసి పశువుల కొట్టంలో పడేసింది. ఊళ్లో ఇప్పుడు ఉన్నవన్నీ వెంట్రుక గొర్రెలే, వాటి ఒంటి మీద ఉన్ని రాదు. కొత్తగూడ అడవి దిక్కు మేపుకుంటూ పోయిన ఊరి కాపరి దేవేందర్ మందలో మాత్రం ఇంకా నల్ల గొర్రెలు ఉన్నాయి. అతను పంపిన ఉన్నిలోంచి పిడికెడు తీసి, పాత దారం ఎంత లావుందో అంతే లావుకు రాట్నం మీద వడికింది. సూదితో ముందు నిలువుగా పడుగు పోసి, తర్వాత అడ్డంగా పేక అల్లి, బొక్కలన్నీ పూడ్చింది. చివరికి చింతగింజల గంజి కాచి కుంచెతో పట్టించి ఎండేసింది. ఎండాక తలుపు దగ్గర కూర్చుని ఇంకా ముళ్లూ నలకలూ ఏరుతుంటే మగ్గం గుంతలోంచి పోచయ్య చూసి నవ్వాడు.

"గొంగట్ల కూసొని తినుకుంట బొచ్చేరినట్టుంది నీ పని. ఎంతసేపు ఏరుతవే?"

"నువ్వు నేసుడు నేయి. దీన్ని జూసి జెప్పు."

పోచయ్య లేచి వచ్చి చిరుగున్న చోట బొటనవేలితో తడిమాడు. ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో వేలికి అందలేదు. యాభై ఏళ్లుగా మగ్గం మీద బతికిన వేలు అది.

"మా నాయిన లేచొచ్చినా గుర్తువట్టడు" అన్నాడు.

ఆ మాటకు బుచ్చవ్వ ఆ పూటంతా మురిసిపోయింది.

పోచయ్య మగ్గం మీద ఉన్నది ఇంకో గొంగడి. అది ఎవరూ అడిగింది కాదు. సుమలత పోతూ పోతూ, మ్యూజియంలో ఒక దుకాణం కూడా ఉందనీ, నచ్చితే పై సార్లు ఇరవై ముప్పై గొంగళ్లకు ఆర్డరు ఇస్తారనీ ఒక మాట అని పోయింది. ఆ ఒక్క మాట మీద పోచయ్య ఉన్న ఉన్నిలోంచి మేలైనది ఏరి, తన బతుకులో నేసినవాటన్నిటికంటే సన్నంగా, సమంగా నేస్తున్నాడు. సార్లకు చూపించడానికి. ఇదివరకు ఆఫీసర్లు వచ్చారు, పేర్లు రాసుకున్నారు, ఫొటోలు దిగారు, ఎక్కడ వేసిన గొంగడి అక్కడే ఉంది. ఈ పిల్ల మాత్రం నేల మీద కూర్చుంది. అందుకే ఆశ పుట్టింది.

ఆశ అవసరం కూడా. కొడుకు జీవన్‌కు భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో మట్టి లారీల మీద కాంట్రాక్టు పని చూపించాడు ఒక మేస్త్రి. ఒకటో తారీఖుకు రమ్మన్నాడు. పడుగు బారుగా చాచి, ఇద్దరు రెండు వైపులా నడుస్తూ గంజి కుంచె లాగితే తప్ప గొంగడి నేతకు దారం తయారు కాదు. జీవన్ పోతే ఆ రెండో మనిషి లేడు. మగ్గం ఆ రోజుతో ఆఖరు. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు, ఒక్కరూ పైకి అనరు. "ఆర్డరొస్తె పోనవ్వా" అని మాత్రం జీవన్ రెండుసార్లు అన్నాడు.

బుధవారం పొద్దున సుమలత వచ్చింది. బుచ్చవ్వ గొంగడిని తెల్ల పంచెలో చుట్టి పెట్టింది. ముడి విప్పి అరుగు మీద పరిచింది. సుమలత దాన్ని చూసి, చుట్టూ చూసింది.

"ఇది బాపు నేసిన కొత్తదా అవ్వా? పాతదేది?"

"గిదే బిడ్డా పాతది. మా మామది."

సుమలత వంగి భుజం దగ్గర వెతికింది. అంచు తిప్పి వెతికింది. తర్వాత అరుగు మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏం తప్పు జరిగిందో తెలియక బుచ్చవ్వ లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చింది.

"మాకు చిరిగిందే కావాలె అవ్వా" అంది సుమలత చేతులు తీసి. "ఆ అతుకు, ఆ బొక్కలు, ఆ మసి. అవ్వే గద చూపిద్దామనుకున్నది. ఫొటోలు చూసి సార్లు ఒప్పుకున్నరు. పుస్తకంల అచ్చయింది. పెట్టె తయారైంది. సోమవారమే మొదలు."

"చినిగినదాన్ని అద్దాల వెట్టుడేంది బిడ్డా? సూసెటోళ్లు ఏమనుకుంటరు?"

"అది మీకు చెప్పకపోవుడు నాదే తప్పు."

ఆ పిల్ల కోప్పడి ఉంటే బుచ్చవ్వ తట్టుకునేది. కోప్పడకుండా తప్పు తన మీద వేసుకునే సరికి ప్రాణం ఉసూరుమంది. వారం పాటు కళ్లు పొడుచుకుని చేసిన పని, చేయకుండా ఉంటే బాగుండేదట. బాగు చేసే చేయి తప్ప ఆమెకు ఇంకో చేయి లేదు మరి.

సుమలత ఫోను తీసి ఆ ఫొటోలు, ఈ గొంగడి పక్కపక్కన పెట్టి చూసింది. మెల్లగా అడిగింది. "దీన్ని మళ్ల పాతగ చెయ్యరాదా బాపూ? జర ఫొటోల ఉన్నట్టు."

పోచయ్య మగ్గం దగ్గర్నుంచి లేచి వచ్చాడు. అతనికి మాట తక్కువ. గొంగడిని మడిచి, చంకలో పెట్టుకున్నాడు.

"నాయినది ఇది. దీని మీద చెయ్యి ఎయ్య."

సుమలత మళ్లీ అడగలేదు. కారెక్కి పోవడానికి లేచింది. ఆమె అలా లేచిపోతుంటే ఇరవై ముప్పై గొంగళ్లూ, జీవనూ, మగ్గమూ ఆమె వెంబడే లేచి పోతున్నట్టు బుచ్చవ్వకు అనిపించింది. మొగుడి మొహం చూసింది. అతనూ అదే లెక్కలో ఉన్నాడు.

"నేను నేసిన కొత్తదున్నది గద" అన్నాడు పోచయ్య. "రేపటికి దిగుతది. దాన్నే పాతగ చేస్త."

సుమలత ఆగింది. వద్దనలేదు. మగ్గం మీది నేత మీద చేయి పెట్టి చూసింది. "గింత మంచిదాన్నా?" అని మాత్రం అడిగింది. తర్వాత, పుస్తకంలో పాతదని రాశారు కాబట్టి ఇది కొత్తదని తెలిస్తే తన నౌకరి పోతుందని చెప్పింది. ఎక్కడా ఎవరితోనూ అనవద్దంది. సార్లతో గొంగళ్ల మాట తానే మాట్లాడతానంది. పోచయ్య ఆమె చేతిలో చేయి వేశాడు. వాళ్లలో చేతిలో చేయి వేస్తే కాగితం అక్కర్లేదు.

గురువారం మధ్యాహ్నం గొంగడి మగ్గం నుంచి దిగింది. దిగిన గొంగడి మూలకు పసుపు అద్ది, కులదేవుడు బీరప్పను తలుచుకోవడం ఆ ఇంటి అలవాటు. పోచయ్య అలవాటు కొద్దీ అద్దాడు. అద్దాక ఇద్దరూ దాని వంక చూశారు. నలభై ఏళ్లు కప్పుకున్న గొంగడికి పసుపు బొట్టు ఉండదు. బుచ్చవ్వ తడి చేత్తో రుద్ది తుడిచేసింది. అలా తుడవడం ఆమె బతుకులో మొదటిసారి.

ముందు గంజి పోగొట్టాలి. బట్టలుతికే బండ మీద వేసి జీవన్ బాదాడు. కొత్త గొంగడి గంజి బిగువుకు నేల మీద నిలబెడితే నిలబడుతుంది. నాలుగు వందల దెబ్బలకు అది మెత్తబడి వాలిపోయింది. తర్వాత మడత పడే చోట నులక మంచం పట్టెకు వేసి ఇద్దరూ రెండు కొసలు పట్టి ఇటూ అటూ లాగారు. దారం నూగు రేగి, పలచబడి, వెలుతురు కనిపించేదాకా. ఆ రాత్రికి పక్కింటి గొర్రెల దొడ్లో పరిచి వచ్చారు. శుక్రవారం పొద్దున తెచ్చి పిడకల పొగ మీద ఆరేశారు. బుచ్చవ్వ పొయ్యి మసి, వేపనూనె కలిపి, మెడ ఆనే చోట, చేయి పట్టే చోట రుద్దింది.

"చెడగొట్టనీకి గింత కష్టపడుడు నేను ఏడ సూడలే" అన్నాడు జీవన్, దగ్గుతూ.

ఎవరూ నవ్వలేదు.

బొక్కలు మిగిలాయి. పోచయ్య దవాఖానలో డాక్టరు తిట్టాక బీడీ మానేసి మూడేళ్లు. జీవన్ దుకాణం నుంచి ఒక్క బీడీ తెచ్చి ఇచ్చాడు. పోచయ్య వెలిగించి, రెండు దమ్ములు లాగి, ఫోనులో సుమలత పంపిన ఫొటో చూసి, అంచు దగ్గర సరిగ్గా ఆ చోటు పట్టుకున్నాడు. బీడీ కొస దారానికి గోరెడు దూరంలో ఆగిపోయింది. ఆ అంచు నేయడానికి అతనికి రెండు రోజులు పట్టింది. తెల్ల దారం, నల్ల దారం, ఒక పోగు కూడా జారకుండా. నిప్పు మీద బూడిద పెరిగి రాలింది.

"తే" అంది బుచ్చవ్వ.

అతని వేళ్ల మధ్య నుంచి బీడీ తీసుకుని అంచు మీద నొక్కింది. ఉన్ని కాలితే మంట రాదు, ముడుచుకుని, వెంట్రుక కాలిన వాసన వస్తుంది. ఆ దారం ఆమె వడికిందే. రెండో బొక్క కూడా పెట్టింది. పోచయ్య లేచి గుంతలో, ఖాళీ మగ్గం ముందు పోయి కూర్చున్నాడు.

భుజం దగ్గర కత్తెరతో కాదు, చేతులతో చింపారు. కొట్టంలో పడేసిన ఖాకీ అతుకు వెతికి తెచ్చి బుచ్చవ్వ కుట్టడానికి కూర్చుంది. బాగా కుట్టడం వచ్చిన చేయికి వంకరగా కుట్టడం రాదు. రెండుసార్లు కుట్టి రెండుసార్లు విప్పింది. మూడోసారి కళ్లు మూసుకుని, చత్వారం కళ్లతో ఆ అతుకు వేసిన అత్త అప్పట్లో ఎలా పొడిచేదో తలుచుకుంటూ పొడిచింది. అది కుదిరింది. కుదిరినందుకు ఆమెకు ఏడుపొచ్చింది.

శనివారం సుమలత వచ్చి ఫొటో పక్కన పెట్టి చూసింది. తర్వాత బుచ్చవ్వ రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. "సోమవారం మీరు ముగ్గురు రావాలె" అని చెప్పి, గొంగడిని తెల్ల కాగితంలో చుట్టి తీసుకుపోయింది.

జనగామలో బస్సెక్కి, హనుమకొండలో మారి, భూపాలపల్లిలో దిగేసరికి పన్నెండయింది. రోడ్డు మీద బొగ్గు దుమ్ము ఎగురుతోంది. దిగిన దగ్గర్నుంచి జీవన్ వచ్చే పోయే మట్టి లారీలనే చూస్తున్నాడు. ప్రదర్శన ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. లోపల చల్లగా ఉంది. గోడలకు నల్ల గుడ్డ కట్టి, ఒక్కో బట్ట మీద ఒక్కో దీపం వేశారు. పట్టు చీరలు, లంబాడీల అద్దాల రవికెలు, పాత అంగీలు దాటుకుంటూ పోతే కొసకు గొంగడి. తల లేని బొమ్మకు, నెత్తి మీదికి ముసుగులా మడిచే కొప్పెర పెట్టి కప్పారు. పోచయ్య ముందుకు పోయి కొప్పెర మడత చూశాడు. ఎడమ మీదికి కుడి రావాలి, కుడి మీదికి ఎడమ వచ్చింది. అనబోయి, ఊరుకున్నాడు.

పెట్టె పక్కన ఒక మీట ఉంది. దాన్ని నొక్కితే గొంగడి కథ చెబుతుందట. చదువు రాని వాళ్ల కోసం పెట్టారని సుమలత ముందే చెప్పింది. జీవన్ నొక్కాడు. రేడియోలో వార్తలు చదివే గొంతులాంటి ఆడగొంతు మొదలయింది.

"ఇది సుమారు అరవై సంవత్సరాల క్రితం జనగామ ప్రాంతంలో కురుమలు నేసిన గొంగడి. దీని మీద కనిపించే ప్రతి చిరుగూ, ప్రతి మరకా ఒక కాపరి జీవితానికి సాక్ష్యం. ఈ నేత నేడు పూర్తిగా అంతరించిపోయింది. దీన్ని నేసిన చేతులు ఇక లేవు. వారి వారసులెవరూ ఈ వృత్తిలో మిగలలేదు."

బుచ్చవ్వ ముందు అర్థం కాలేదనుకుంది. జీవన్‌ను మళ్లీ నొక్కమంది. మళ్లీ అవే మాటలు. అర్థం కాకపోవడానికి అందులో ఏమీ లేదు. పోచయ్య గోళ్ల సందుల్లో చింతగింజల గంజి ఇంకా పోలేదు.

సుమలత జనంలోంచి వచ్చింది. మెడలో గుర్తింపు కార్డు, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అది నేను రాయలే అవ్వా. పైవాళ్లు రాసిర్రు. పోయిందని చెప్తెనే మనుషులు నిలవడి సూస్తరంట."

"మేం ఉన్నం గద బిడ్డా."

"మరి ఆర్డరు?" అన్నాడు జీవన్.

"అడిగిననన్నా. లేదని ఇక్కడ రాసి, దుకాణంల కొత్తవి అమ్ముకుంట కూసుంటె నవ్వుతరు అన్నరు. ఈ ప్రదర్శన అయినంక సూద్దమన్నరు." ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "అన్ని జిల్లాలు తిరిగెవరకు రెండేండ్లు పడ్తది."

జీవన్ జేబులోంచి ఫోను తీసుకుని బయటికి పోయాడు. అద్దం తలుపు అవతల ఎండలో నిలబడి మాట్లాడుతున్నాడు. ఎవరితో మాట్లాడుతున్నాడో బుచ్చవ్వ అడగనక్కర్లేదు. చెట్టంత కొడుకు, మాట్లాడుతూ మాట్లాడుతూ తల ఊపుతున్నాడు, సరే సరే అన్నట్టు.

పోచయ్య పెట్టె ముందు నుంచి కదల్లేదు. అప్పుడు ఒక మనిషి వచ్చి అతని పక్కన నిలబడ్డాడు. అరవై దాటినవాడు, నెత్తికి రుమాలు, భుజం మీద కొత్త సంచి. మీట నొక్కి, చేయి చెవి దగ్గర పెట్టుకుని మొత్తం విన్నాడు. విని పోచయ్య వైపు తిరిగాడు.

"ఏ ఊరన్నా మీది?"

"జనగామ దిక్కు."

"గట్లనా? నాది కాటారం. పేరు సారయ్య. మనం మనం ఒకటే కులం లెక్కున్నది." సారయ్య దగ్గరికి జరిగాడు. "వచ్చే నెల మా తాన బీరప్ప పండుగ. పూజారులకు, పెద్దమనుషులకు పదిహేను గొంగళ్లు గావాలె. గొంగడి లేనిది దేవుని ముందట ముగ్గుల పట్నం ఎట్ల ఏస్తరు? మిషన్ రగ్గులు తెస్తె మా పెద్దోళ్లు ముట్టలే. ఏడాది నుంచి తిరుగుతున్న. ఇది పెట్టిర్రంటె, నేసెటోళ్ల ఆచూకి దొరుకుతదని వచ్చిన. మీ దిక్కు ఒక్కడన్న ఉన్నడా అన్నా?"

బుచ్చవ్వ ఒక అడుగు ముందుకు వేసింది. పదిహేను. ఒక్క మాట చాలు. అద్దం తలుపు అవతల ఫోను ఇంకా జీవన్ చెవి దగ్గరే ఉంది. కేకేస్తే వినపడుతుంది.

సుమలత నాలుగడుగుల దూరంలో ఎవరో పెద్ద సారుకు గొంగడి అతుకు చూపిస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ సారు కూడా ఇటు తిరిగాడు. ఉన్నామని అంటే ఎవరు మీరంటారు, ఏ మగ్గమంటారు, మరి ఇది ఎవరు నేశారంటారు. బుచ్చవ్వ నోరు తెరిచింది. మొగుడు చేతిలో చేయి వేసి ఇచ్చిన మాట అది. ఎదురుగా ఉన్నది పొట్టకూటికి వచ్చిన ఆడపిల్ల. తెరిచిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పోచయ్య సుమలత వైపు చూడలేదు, పెళ్లాం వైపు చూడలేదు. తాను నేసి, తాను చింపిన గొంగడి వైపే చూస్తున్నాడు.

"లేరు తమ్మీ" అన్నాడు. "ఇన్నవు గద. పోయిర్రు."

"ఒక్కలు గుడ లేరా?"

"లేరు."

సారయ్య నాలుక చప్పరించాడు. "పాపం, ఎంత మంచి చేతులో" అని, పోయిన వాళ్లకు పెట్టినట్టు అద్దానికి రెండు చేతులెత్తి దండం పెట్టాడు. పోచయ్య తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. సారయ్య మీట మరోసారి నొక్కాడు. ఆ గొంతు మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. చూడడానికి వచ్చిన వాళ్లతో పాటు పోచయ్యా బుచ్చవ్వా కూడా నిలబడి చివరి దాకా విన్నారు.